అక్క వెనకాల నిలబడ్డవాడు

నేను ఒక ఫొటోని. నలుపు తెలుపు ఫొటోని. చీరాల ఊరు మొత్తం మీద అబద్ధమన్నది తెలియని జీవి ఏదన్నా ఉందంటే అది నేనే. సత్యం విషయంలో హరిశ్చంద్రుడు కూడా నాకు శిష్యుడి వరసే అవుతాడు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను. లేనిది చచ్చినా చూపించను.

నమ్మకపోతే దగ్గరకొచ్చి చూడండి. కుర్చీల్లో కూర్చున్న దంపతుల వెనకాల సరస్సు, సరస్సులో హంసలు, అవతల మంచుకొండ. చీరాలలో మంచుకొండ ఎక్కడిదని అడక్కండి. అది స్టూడియో సాంబయ్య గుడ్డ మీద వేయించిన బొమ్మ. రంగనాయకులు ఒంటి మీది కోటు కూడా సాంబయ్యదే. ఆ రోజుల్లో చీరాలలో పెళ్ళయిన ప్రతి మగాడూ ఆ ఒక్క కోటులోనే పెద్దమనిషయ్యాడు. లావుపాటి వాళ్ళ కోసం దాన్ని వీపు వైపు నిలువునా చీల్చి ఉంచారు. చేతి వాచీ ఎప్పుడూ పదీ పదే చూపిస్తుంది. బల్ల మీది రేడియో ఖాళీ చెక్కపెట్టె, సాంబయ్య అందులో బీడీలు దాచుకునేవాడు. మాణిక్యమ్మ చేతిలోని గులాబీ కాగితంది.

సరే. ముఖాలు మాత్రం నిజం. నాలో ఉన్న ఈ నాలుగు ముఖాలూ అచ్చంగా అసలువి. వాటిలో ఒకటి మాత్రం ఆ ఇంటిది కాదు. అదెలా వచ్చిందో చెబుతాను.

ఆ రోజు స్టూడియోకి వచ్చింది ముగ్గురు. మగ్గం నేసే రంగనాయకులు, అతనికి కొత్తగా కాపురానికొచ్చిన మాణిక్యమ్మ, ఆమె తమ్ముడు గురవయ్య. సాంబయ్య నల్లగుడ్డలో తల దూర్చి, వెంటనే బయటికి తీశాడు.

"ముగ్గురేనా?"

"ముగ్గురమే. ఏం?"

"ముగ్గురు దిగకూడదయ్యా. మధ్యలో ఉన్నోళ్ళకి ఆయుష్షు తక్కువ. తర్వాత మీ వాళ్ళొచ్చి నా పీక పట్టుకుంటారు."

మధ్యలో కూర్చున్న రంగనాయకులు కుర్చీలోంచి లేచిన వేగానికి కోటు చీలిక ఇంకో జానెడు పెరిగింది. "ఒరే గురవా, నువ్వొచ్చి కూచో" అన్నాడు.

"నేనెందుకు బావా! నాకింకా పెళ్ళే కాలేదు."

"పోనీ నేను కూచుంటాలే" అంది మాణిక్యమ్మ. ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ముగ్గురు మనుషులు మధ్య అనేది లేకుండా ఎలా నిలబడాలా అని కాసేపు స్టూడియో అంతా తిరిగారు. లెక్కల మేష్టార్లు కూడా తేల్చలేని సంగతి అది. చివరికి సాంబయ్య గుమ్మంలోకి పోయి ఎదురు కొట్టు వైపు కేకేశాడు.

"ఒరేయ్ మస్తానూ! ఇట్టా రారా, ఓ ప్రాణం నిలబెట్టాలి!"

సోడా కొట్టు మస్తాన్ వలి తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. ప్రాణం సంగతేమో గానీ ఫొటో అనగానే అతని మొహం విచ్చుకుంది. పెళ్ళికొడుకు కన్నా ఎక్కువసేపు అద్దంలో తల దువ్వుకున్నాడు. "నాకో కాపీ ఇస్తారుగా?" అని మూడుసార్లు అడిగాడు. ఇస్తామని ముగ్గురూ చెప్పారు.

"తమ్ముణ్ణి నా వెనకాల నిలబెట్టండి" అంది మాణిక్యమ్మ.

"కుదరదమ్మా. మీ తమ్ముడు తాడిచెట్టు. మీ ఆయన కూడా తాడిచెట్టే. పొడుగు వెనకాల పొడుగు, పొట్టి వెనకాల పొట్టి ఉండాలి. లేకపోతే ఫొటో ఓ పక్కకి ఒరిగిపోద్ది."

ఫొటో ఒరిగిపోతుందంటే మనుషులు దేనికైనా ఒప్పుకుంటారు. అలా గురవయ్య బావ వెనకాల, కాస్త బయటి పక్కకి నిలబడ్డాడు. మాణిక్యమ్మ వెనకాల మస్తాన్ నిలబడ్డాడు.

ఎర్రదీపం వెలుగులో, పుల్లటి వాసనేసే నీళ్ళ తొట్టెలో నేను పుట్టాను. ముందు మస్తాన్ పళ్ళు తేలాయి. తర్వాత మాణిక్యమ్మ ముక్కుపుడక, ఆ తర్వాత కోటు గుండీలు. నేనెంత అందగత్తెనో అప్పుడే అర్థమైంది నాకు.

నన్ను పటం కట్టించి వాళ్ళింట్లో మగ్గానికి ఎదురుగా తగిలించారు. వారం రోజులు వీధి వీధంతా వచ్చి చూసింది. ఎనిమిదో రోజు నుంచి ఎవరూ చూడలేదు. మనుషుల పద్ధతే అంత. దేన్నైనా మర్చిపోవాలంటే దాన్ని పటం కట్టి గోడకి తగిలిస్తారు. ఆ తర్వాత నా మొహం చూసింది ఒక్క బల్లి. అది నా వెనకాలే కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకుంది.

తర్వాత దివిసీమ ఉప్పెన వచ్చింది.

గురవయ్య లుంగీలూ తువ్వాళ్ళూ మూటకట్టుకుని అటువైపు పల్లెలు తిరిగి అమ్ముకొచ్చేవాడు. ఆ వారం కూడా వెళ్ళాడు. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు, కబురూ లేదు. రంగనాయకులు నన్ను గోడ మీంచి దింపి, సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. బురదలో, గుడారాల మధ్య, గంజి కోసం నిలబడ్డ వరసల్లో నన్ను ఎంతమందికి చూపించాడో! అందరూ ఒకలాగే తల అడ్డంగా ఊపారు.

చివరికి బందరులో అచ్చయ్యే ఒక చిన్న వారపత్రిక ఆఫీసుకి చేరాం. ఆ ఎడిటరు ముందు నాలాంటి ఫొటోలు గుట్టగా పడి ఉన్నాయి. ఆయనకి నిద్ర లేదు.

"ఇందులో తప్పిపోయింది ఎవరండీ?"

రంగనాయకులు నా వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తానని నేలకేసి చూస్తున్నాడు. "మా బావమరిదండీ. వాళ్ళ అక్క వెనకాల నిలబడ్డవాడు" అన్నాడు.

రంగనాయకులు తప్పేముంది? పదమూడేళ్ళు కళ్ళెదుట వేలాడిన ఫొటోని ఎవరు చూస్తారు? అక్క వెనకాల తమ్ముడు కాక ఊళ్ళో సోడా కొట్టువాడు ఎందుకుంటాడు? నేను అరిచాను. నా గొంతు సంగతి మీకు తెలుసు. గట్టిగా అరిస్తే అద్దం మీది దుమ్ము కూడా లేవదు.

పత్రికలో పడింది. కనబడుటలేదు. పేరు గురవయ్య, ఊరు చీరాల. పైన ఫొటోలో మస్తాన్, పళ్ళన్నీ బయటపెట్టి, ఇంత సంతోషంగా తప్పిపోయిన మనిషి ప్రపంచంలో లేడన్నట్టు నవ్వుతున్నాడు.

రంగనాయకులు బందరు బస్టాండులో పేపరు విప్పి, బెంచీ మీద కూలబడ్డాడు. మళ్ళీ ఆఫీసుకి పరిగెత్తాడు. వచ్చే వారం సవరణ వేస్తామన్నారు. వచ్చే వారానికి తప్పిపోయినవాళ్ళు ఇంకా ఎక్కువయ్యారు. సవరణకి చోటు దొరకలేదు. దివిసీమలో పుణ్యాత్ములు మస్తాన్ కోసం వెతుకుతూనే ఉన్నారు. మస్తాన్ చీరాలలో దిలాసాగా గోలీసోడా కొడుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక మాణిక్యమ్మ అడిగింది. "పేపర్లో వేశారా?"

"వేశారు."

"వాడి ఫొటో బాగా పడిందా?"

"బాగా పడింది."

ఆ పేపరు ముక్క కత్తిరించి, ఆవిడ కంటపడకుండా, నాకూ వెనకాల అట్టకీ మధ్య దూర్చేశాడాయన. పారేయడానికి చెయ్యి రాలేదు. చూపించడానికి నోరు రాలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన నా వైపు తలెత్తి చూసింది లేదు.

మాణిక్యమ్మ మాత్రం తమ్ముడికి కర్మ చెయ్యనివ్వలేదు. ఏటా పెద్దల అమావాస్యకి అందరి పేర్లూ చెప్పి తమ్ముడి పేరు వదిలేసేది. ఎవరన్నా గుర్తుచేస్తే, "వాడు పెద్దోళ్ళలో ఎట్టా చేరతాడు? నాకన్నా చిన్నోడు" అనేది.

కాలం గడిచింది. నీటికాసులొచ్చి మాణిక్యమ్మ చూపు పోయింది. రంగనాయకులు పోయాడు. ఆ మరుసటేడు ఇంటికి రంగులేయిస్తూ వాళ్ళబ్బాయి మల్లికార్జున నన్ను దింపాడు. చెదలు తిన్న అట్ట ఊడి, పేపరు ముక్క అతని ఒళ్ళో పడింది. దాన్నీ నన్నూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అమ్మా, గురవయ్య మామయ్య కాకుండా ఇందులో ఇంకొకాయన ఉన్నాడు. ఎవరు?"

"సోడా కొట్టు అబ్బాయిరా. ముగ్గురు దిగకూడదని పిలిచారు. బయటోడు."

ఆ బయటివాడు ఎటు పక్క నిలబడ్డాడని ఇతను అడగలేదు. పేపర్లో పేరుతో సహా వేశాక ఇంక అడగడమెందుకు? నన్ను పటాలు కట్టే కొట్టుకి తీసుకెళ్ళాడు. కొత్త చెక్క, కొత్త అద్దం. అంతే. అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ముందుకి పోదాం.

ఇక మల్లికార్జున కూతురు లాస్య. ఉద్యోగం చేసే పిల్ల, తెలివైన పిల్ల. ఒక సెలవురోజు ఆ పిల్లకి వంశచరిత్ర మీద గాలి మళ్ళింది. అటక మీది ట్రంకు పెట్టె దింపి, పాత ఫొటోలూ పేపరు ముక్కలూ చాప నిండా పరిచింది. మీసమున్న ప్రతి మనిషినీ ముత్తాతని చేసింది. మీసం లేనివాళ్ళు ముత్తాత తమ్ముళ్ళయ్యారు. ఏదో చేనేత సభ ఫొటోలో జనం మధ్య ఒక తల చూసి ఇది మన వాళ్ళదేనంది. ఫోనులో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఆ మనిషి ఏడు నల్లచుక్కలుగా మారిపోయాడు. ఆ ఏడు చుక్కల్లోనూ తాతగారి ముక్కు కనిపించిందంటే ఆ పిల్ల పట్టుదల చూడండి.

పక్కన మంచం మీద మాణిక్యమ్మ అంతా వింటోంది. "ఏమే, గురవడి ఫొటో ఉందా అందులో?" అంది.

"ఉంది నాయనమ్మా. పేపర్లో కూడా వేశారు."

"వాడెట్టుంటాడో చెప్పవే."

"నువ్వు చెప్పాలి గానీ నేను చెప్పడమేంటి?"

మాణిక్యమ్మ చిన్నగా అంది. "వాడి మొహం మర్చిపోయానే. గొంతు గుర్తుంది, నడక గుర్తుంది. మొహం తలుచుకుంటే తెల్లగా ఏమీ లేకుండా వస్తంది. నేను పైకి పోయాక వాడు ఎదురొస్తే గుర్తుపట్టొద్దూ? పరాయోడనుకుని పక్కనించి పోతే, వాడేమనుకుంటాడు?"

లాస్య గబగబా పేపరు ముక్కలోని ముఖాన్ని నాలో పట్టుకుంది. నన్ను గోడ మీంచి దింపి, ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలెట్టింది. "గుండ్రటి మొహం. రింగుల జుట్టు. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు."

"రింగుల జుట్టా?"

"అవును. చెవులు చిన్నవి."

"చిన్నవా? మా వాడివి చేటలంత ఉండేవే."

"లేదు నాయనమ్మా, ఇక్కడ కనపడుతున్నాయిగా."

"అట్టాగా" అంది మాణిక్యమ్మ. "అయితే నేనే మర్చిపోయుంటా." కళ్ళు మూసుకుని, బడిపిల్ల ఎక్కం వల్లించినట్టు, "గుండ్రటి మొహం, రింగుల జుట్టు, చిన్న చెవులు" అని మెల్లగా అనుకుంది. మర్నాడు పొద్దున కూడా అనుకుంది. ఆ మర్నాడు కూడా. నా కళ్ళెదుట ఆవిడ తన తమ్ముడి ఖాళీ చోట్లో మస్తాన్‌ని కూర్చోబెట్టుకుంటోంది. నేను మేకుకి వేలాడుతూ చూస్తున్నాను. బల్లికి చెబుదామంటే అది కూడా లేదు, రంగులేసినప్పుడే వెళ్ళిపోయింది.

లాస్య అంతటితో ఆగలేదు. ఆ ముఖాన్ని ఫోనులో శుభ్రం చేసి, గురవయ్య, చీరాల, ఉప్పెనలో తప్పిపోయాడు, ఎవరికైనా తెలుసా అని లోకమంతా పంపింది. వేటపాలెం నుంచి ఒకతను రాశాడు. ఈయన మా వీధిలోనే ఉంటాడండీ, పెద్దవాడయ్యాడు గానీ అదే నవ్వు, పేరు మాత్రం మస్తాన్ వలి అంటారు.

ఇంట్లో పండగైపోయింది. పేరు ఎందుకు మారిందో మల్లికార్జున కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు. "ఉప్పెనలో కొట్టుకుపోయి ఉంటాడు. తలకి దెబ్బ తగిలి గతం మర్చిపోయి ఉంటాడు. ఏ సాయిబులో చేరదీసి ఆ పేరు పెట్టుంటారు. అంతకన్నా ఇంకేముంటుంది?" అన్నాడు. నిజమే, అంతకన్నా ఇంకేముంటుంది? సోడా కొట్టువాడొకడు కొట్టు మూసుకుని పక్క ఊరికి కాపురం మారాడని ఎవరనుకుంటారు?

"నాయనమ్మా, గురవయ్య తాతయ్య దొరికాడు! బతికే ఉన్నాడు! ఆదివారం మనింటికొస్తున్నాడు!"

మాణిక్యమ్మ అడిగింది ఒక్కటే. "అన్నం తింటన్నాడా వేళకి?"

ఆదివారం ఆవిడ కొత్తచీర కట్టుకుంది. తల మూడుసార్లు దువ్వించుకుంది. చింతకాయ, పచ్చిరొయ్యలు వండించింది. ఆటో ఆగిన చప్పుడికి లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. నేను గోడ మీద బిగుసుకుపోయాను.

తెల్లటోపీ, ఊతకర్ర, అవే పళ్ళు, అందులో సగం. లోపలికొస్తూనే అతను నోరంతా తెరిచాడు.

"అక్కా, బాగున్నావా? ఇన్నేళ్ళకి గుర్తొచ్చానా? నా కాపీ ఇస్తామంటిరి గదా, దానికే పిలిచారనుకుని బండెక్కి వచ్చేశా!"

మాణిక్యమ్మ చాచిన చెయ్యి గాల్లో ఆగింది. ఆ గొంతు విని తల ఒక పక్కకి వంచింది. తర్వాత ఆ చెయ్యే పోయి అతని భుజం మీద పడింది.

"ఒరేయ్. సోడా మస్తానువి గదరా నువ్వు?"

"ఆఁ, మస్తానునే. మరెవరనుకున్నావు?"

"ఎవరూ అనుకోలేదులే. రా, కూచో. మా వీధిలో సోడా సోడా అని నువ్వరిచిన అరుపులకి మా పిల్లోడు నిద్రే పోయేవోడు కాదు. ఇంకా అదే గొంతు."

లాస్య పేపరు ముక్క తెచ్చి మస్తాన్ చేతిలో పెట్టింది. అతను దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇది నేనే. కింద గురవయ్య అని రాశారే. ఓరి నాయనో, నేను తప్పిపోయి ఇన్నేళ్ళయిందా!" అని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

మాణిక్యమ్మకి సంగతి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏడవలేదు. పైగా ఆవిడ ముఖంలో ఒక ఆశ లాంటిది వచ్చింది.

"అయితే ఆ రింగుల జుట్టు వీడిదా! అదీ అనుకున్నా. నేను మర్చిపోలేదన్నమాట. ఏమే లాస్యా, ఆ పటం దింపు. మస్తాను నిలబడ్డది నా వెనకాల. మా గురవడు మీ తాత వెనకాల ఉంటాడు. వాణ్ణి చూసి చెప్పు."

లాస్య నన్ను దింపింది. తాత వెనకాల చూసింది. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. తర్వాత వాళ్ళ నాన్న వైపు చూసింది. మల్లికార్జున ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఏమే, పలకవు?"

లాస్య మస్తాన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "తాతయ్యా, ఆ రోజు మీరు ఆయన పక్కనే నిలబడ్డారు కదా. ఎలా ఉండేవాడు? ఏదో ఒకటి, గుర్తున్నది చెప్పండి."

చెప్పడానికి ఏదన్నా దొరుకుతుందేమోనని మస్తాన్ గదంతా కళ్ళతో వెతికాడు.

"నేను కెమెరా వైపే చూస్తన్నానమ్మా" అన్నాడు చివరికి. "జన్మలో అదే మొదటి ఫొటో. పక్కకి తిరిగితే నా మొహం ఎక్కడ పడకుండా పోద్దోనని కదల్లేదు."

మాణిక్యమ్మ చేతులు చాచింది. "ఇటివ్వవే దాన్ని."

నన్ను ఆవిడ ఒళ్ళో పెట్టారు. "ఎక్కడున్నాడు?" అంది. లాస్య ఆవిడ వేలు పట్టుకుని రంగనాయకులు కోటు భుజం మీద ఆనించింది. "ఇక్కడ నాయనమ్మా. తాతయ్య భుజం మీద చెయ్యేశాడు."

"చెయ్యేశాడా!" మాణిక్యమ్మ నవ్వింది. "బావంటే హడలు వాడికి. ఎదురుగా కూచునేవోడే కాదు. ఎప్పుడేశాడో, నేను ముందు కూచున్నా గదా, నాకు తెలీనే తెలీదు."

ఆ చెయ్యి వెంబడి ముఖం దాకా పోదామని ఆవిడ వేలు అద్దం మీద మెల్లగా పక్కకి జరిగింది. బెత్తెడు కూడా పోకుండానే చెక్క తగిలింది. మళ్ళీ భుజం దగ్గర నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ చెక్క దగ్గరే ఆగింది.

"ఏందే ఇది? ఇక్కడికే అయిపోయిందా?"

ఇక నేనే చెప్పాలి, మీకైనా.

అయిపోయింది. ఆ రోజు పటాలు కట్టే కొట్టులో ఏమీ జరగలేదన్నది అబద్ధం. ఉన్న చెక్కకి ఫొటో పెద్దదైంది, ఎటు పక్క కొయ్యమంటారని అడిగాడు కొట్టువాడు. చేతిలో పేపరు ముక్క ఉన్న మల్లికార్జున, అటు ఉన్నది బయటోడేలెండి, అటే కొయ్యండి అన్నాడు. ఒక్క కత్తెర పెట్టు. ముక్క నేల మీద పడింది, సాయంత్రం చీపురుతో పోయింది. అప్పటి నుంచి నాలో ఉన్నది మూడు ముఖాలే. నాలుగని మీతో దబాయించాను. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదు, మీరు మాత్రం ఎందుకు పెడతారులే అనుకున్నాను.

గురవయ్య ఎలా ఉండేవాడో నాకూ తెలియదు. కోసేసిన ముక్కలో ఏముందో ఫొటోకి గుర్తుండదు. నా దగ్గర మిగిలింది, ఇప్పుడు ఆవిడ వేలి కింద ఉన్న ఆ నాలుగు వేళ్ళే.